దశ సున్న

కర్నూలు పెద్దాసుపత్రి మ్యాపు
నా బల్ల మీద, నాలుగు పేపర్‌వెయిట్ల కింద
ఫ్యాను గాలికి మూలలు లేపుతూ పడుకొని ఉంది.
కూల్చేవి ఎర్ర గీతలు, కట్టేవి నీలం.
ఐదు దశలు. ఏడేళ్లు.
పని ఆగరాదు, ఆసుపత్రీ ఆగరాదు అని
ఉత్తర్వులో ఉన్నది ఒక్క వాక్యమే.
దాని అర్థం కోసం తొమ్మిది మీటింగులు.

ఎముకల వార్డు కదలాలంటే థియేటరు కదలాలి.
థియేటరు కదలాలంటే ఆక్సిజన్ పైపు కదలాలి.
పైపు కదలాలంటే
దాని నెత్తిన కట్టిన కాన్పుల వార్డు కదలాలి.
కాన్పులు ఏ తారీఖు నుంచి ఆపమంటారో
మీరే చెప్పండి అన్నారు రాజ్యలక్ష్మి మేడం,
కళ్లద్దాలు తుడుచుకుంటూ.

మ్యాపు నడుమ ఒక తెల్లటి జాగా.
'ఖాళీ స్థలం' అని రాసింది నేనే.
మొదటి దశ ఇక్కడే అని సున్నా చుట్టిందీ నేనే.

రాత్రి పదింటికి కొలతలు సరిచూద్దామని పోతే
టేపు పరిచే చోటు లేదు.
పగటి ఎండ ఇంకా వదలని బేతంచెర్ల బండల మీద
ఆదోని పడుకుంది, పత్తికొండ పడుకుంది.
గద్వాల నుంచి వచ్చిన గొంగళి ఒకటి
ముడుచుకొని దగ్గుతోంది.
రొట్టెల మూట తలకింద పెట్టుకున్న ఒకామె
మందుల చీటీని గాజుల్లో దోపుకొని
కళ్లు తెరిచే నిద్రపోతోంది.
టేపు కొస పట్టుకోమంటే
ఒక పిల్లోడు లేచి పట్టుకున్నాడు, ఆటేమో అనుకొని.
నలభై రెండు మీటర్లు.
నూటా అరవై మూడు మంది.
రెండో లెక్క రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.

తెల్లవారుజామున మగవాళ్ల వార్డులో
ఆయా ఖాసింబీ ఒక ముసలాయన చొక్కా మారుస్తోంది.
సెలైన్ ఎక్కుతున్న చెయ్యి, సూది తీయరాదు.
ముందు ఖాళీ చెయ్యి విడిపించింది.
వీపు వెనక నుంచి చొక్కా ఇవతలికి గుంజింది.
కొక్కెం నుంచి సీసా దించి
చొక్కా చేతిలోంచే దాన్నీ బయటికి తెచ్చింది.
తొడిగేటప్పుడు తిరకాసు:
కొత్త చేతిలోకి ముందు సీసా దూరింది,
దాని వెంట సూదున్న చెయ్యి,
ఖాళీ చెయ్యి ఆఖరున.
చుక్క తప్పలేదు.
ఎవరు నేర్పారమ్మా అంటే
"నేర్పేదేముంది నాయనా,
ఎంతసేపని ఉంచుతాం మనిషిని చలికి?"

ఆ పగలంతా చెరిపాను.
పైపు ముందు కొత్త గోడల్లోకి దూరాలి,
దాని వెంట థియేటరు,
ఆ తర్వాతే పాత గోడ మీద గడ్డపార.
అన్నిటికన్నా ముందు, వెనక గేటు దగ్గర
ఒక రేకుల షెడ్డు, పది కుళాయిలు, ఫ్యాన్లు,
నూటా అరవై మూడు మందికి.
అప్పటికే 'ఒకటి' అయిపోయింది కాబట్టి
దానికి దశ సున్న అని పేరు పెట్టాను.
సున్నకు పద్దు ఏదని అడిగారు పై ఆఫీసర్.
ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ట్రాలీ తోసే ఉరుకుందుకు మాత్రం నవ్వొచ్చింది.
"దశ బాగలేకనే గదా సార్ అందరూ ఈడికొచ్చేది!
మళ్లా మీరొక ఐదు తెచ్చినారా?"
నవ్వి, ట్రాలీ ఆపి, కాలితో చూపించాడు:
రెండు బ్లాకుల మధ్య అంగుళమున్నర గడప.
రోజుకు నలభైసార్లు
ముందు చక్రాలు ఎత్తి దాటిస్తాడు,
ఎత్తిన ప్రతిసారీ ఎవరిదో విరిగిన కాలు అరుస్తుంది.
"ఇది ఏ దశలో పోతాది సార్?"

మ్యాపు అంతా వెతికాను.
ఒకటికి ఐదు వందల స్కేల్లో
అంగుళమున్నర గడప కనపడదు.
మేస్త్రీ మద్దిలేటికి ఫోను చేశాను,
వచ్చేటప్పుడు అర బస్తా సిమెంటు తెమ్మని.